బోటు అడుగున ఐసు లెక్క

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు పోయే మరబోటులోకి ముందు డీజిలు, ఐసు, మంచినీళ్లు, బియ్యం ఎక్కుతాయి. ఆ తర్వాతే మనుషులు. ఒక డ్రైవరు, ఏడెనిమిది మంది కలాసీలు. వాళ్లు సముద్రం మీద ఎన్నాళ్లుండాలో తేల్చేది ముఖ్యంగా అడుగు అరల్లోని ఐసే.

ట్రాల్ వలకు అటూ ఇటూ బరువైన బోర్డులు ఉంటాయి. బోటు లాగుతుంటే నీటి తోపుడుకి అవి చెరోపక్కకీ జరిగి, వల నోరు మూసుకుపోకుండా చూస్తాయి. కొన్ని గంటలు లాగాక వించితో పైకి తీసి, వల చివరి ముడి విప్పుతారు. రొయ్యలు, పీతలు, చందువాలు, బురద అన్నీ కలిసి డెక్కు మీద గుట్టగా పడతాయి. అందులో టేకు చేప ఉంటే దాని తోక ముల్లు విషపుది. తెలిసిన చేయి ముందు దాన్నే పక్కకు తీస్తుంది. ఏరడం అవుతుండగానే వల మళ్లీ నీళ్లలో పడుతుంది. పగలైనా రాత్రైనా ఇదే వరస కాబట్టి ఏకబిగిన నిద్రపోవడం కుదరదు.

అన్నింటికన్నా నేర్పు కావలసింది ఐసు వేయడంలోనే. కిలో ఐసు కరగడానికి దాదాపు 80 కిలోకేలరీల వేడి లాక్కుంటుంది. లెక్కప్రకారం 30 డిగ్రీల వేడిలో ఉన్న మూడు కిలోల చేపను సున్నాకు దించడానికి అది చాలు. కానీ చెక్కల సందుల్లోంచి, మూత తీసినప్పుడల్లా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసైనా వేయాలి. పొర ఐసు, పొర చేప. కరిగిన చల్లటి నీరు చేప ఒంటిని తడుపుతూ జారి, గాలికంటే త్వరగా వేడిని లాగేస్తుంది. ఆ నీరు నిలిచిపోతే మాత్రం నెత్తురు కలిసి కుళ్లు మొదలవుతుంది.

ట్యూనా విషయంలో ఆలస్యం మరీ ప్రమాదం. చల్లబరచకపోతే దాని కండలోని హిస్టిడిన్‌ను బ్యాక్టీరియా హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ తర్వాత ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు వస్తాయి.

చేప కోసం వెతుకుతూ తిరిగే ప్రతి గంటా డీజిలు తాగుతుంది, ఐసు కరిగిస్తుంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అందించే సూచనల విలువ ఇక్కడే తెలుస్తుంది. సముద్రపు పైనీటి వేడినీ, పత్రహరితాన్నీ ఉపగ్రహాలతో కొలిచి, చేపలు చేరే అవకాశమున్న చోట్లు చెబుతుంది.

ఒడ్డుకొచ్చాక వేలంలో కొనేవాళ్లు మొప్ప ఎత్తి రంగు చూస్తారు. ఎర్రగా ఉంటే ఒక ధర, గోధుమరంగుకు తిరిగితే ఇంకొకటి. చాలా బోట్లలో ఖర్చులు పోగా మిగిలినదాంట్లోంచే కలాసీలకు వాటా వస్తుంది.