చీటీల పెట్టెకు హద్దు

కంప్యూటరులు పరస్పరము పంపుకొను సమాచారము ప్యాకెట్లను చిన్న కట్టలుగా నడచును. వానిని దారి మరల్చునది స్విచ్చి. ఒకే యంత్రములో పలువురి కంప్యూటరులు కాపురముండుచోట నా పనిని సాఫ్ట్‌వేరే చేయును. 2009లో వెలువడిన ఓపెన్ వీస్విచ్ అట్టిది.

అందు పనివారిద్దరని తలంపుడు. లోపలివాడు వెనుకటి గ్రామకరణము వంటివాడు. నిబంధనలన్నియు తిరుగవేసి తీర్పు చెప్పును గాని నిదానస్థుడు. వాకిటివాడు చురుకైనవాడు, ఆ తీర్పును చీటీగా దాచుకొని, అట్టి ప్యాకెట్టు మరల వచ్చినచో తానే పంపివేయును. ఈ చీటీల పెట్టెయే ఫ్లో క్యాష్. పది సెకండ్లు వాడుక లేని చీటీ సామాన్యముగా తీసివేయబడును.

చీటీలకు మామూలు పరిమితి 2,00,000. పెట్టె యింకను పెద్దదైన నేమి యందురేమో! నిబంధన మారినపుడు చీటీలన్నియు సరిచూడవలెను గదా. ఆ పరిశీలన రెండు సెకండ్లు మించినచో పరిమితి తనంతట తగ్గును. పెట్టె నిండినంతమాత్రమున ప్యాకెట్టు నశింపదు. క్రొత్తచీటీ మాత్రము పుట్టదు. చీటీ లేని ప్రతి ప్యాకెట్టును కరణమునొద్దకు పోవలసివచ్చును. అచ్చటి వరుసలో చోటు చాలనపుడే నష్టము.

2013లో వచ్చిన మెగాఫ్లో పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. పూర్వము ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క చీటీ. పిదప తీర్పునకు కావలసినదానినే వ్రాసి తక్కినది విడిచిరి. వ్యాకరణము చదివిన నాకిది ఉదాహరణములకు మారుగా సూత్రము వ్రాసినట్లు తోచినది. అయినను, పోర్టు అను ద్వారసంఖ్యను గూడ చూడుమని నిబంధన యున్నచో సూత్రము మరల నుదాహరణమగును. అపుడు దురుద్దేశము గలవాడొకడు వేలకొలది ద్వారములను వరుసగా తట్టినచో చీటీలు గుంపులుగా పుట్టి పెట్టెను క్రమ్మును. ఆ యంత్రమునందే కాపురమున్న నిరపరాధుల పనియు మందగించును.