వాన అడవికి వెళ్తే ఏం ఎంచుకోవాలి?

ఏటా సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి మన యూనియన్ గదిలో ఒక తగవు తప్పనిసరి. ఎక్స్‌కర్షన్ ఎక్కడికి? ఒకరు ఊటీ అంటారు, ఒకరు గోవా అంటారు. ఈ మధ్య మూడో వర్గం ఒకటి బయల్దేరింది. "కేరళ అడవులకు పోదాం సార్! ఏనుగుల్ని చూద్దాం, తెప్పలెక్కుదాం, తాడు మీద జారుదాం" అంటారు వీళ్ళు. నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక ఈ మూడో వర్గం వాళ్ళు నేరుగా నా దగ్గరికే వస్తారు. రెండు మూడు సార్లు పిల్లల్ని వెంటబెట్టుకుని పడమటి కనుమలకు వెళ్ళివచ్చాను. అప్పుడు నేర్చుకున్నవీ, వాళ్ళకు నోటిమాటగా చెప్పినవీ ఈ సావనీరు పుణ్యమా అని కాగితం మీద పెడుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ముక్క. వర్షారణ్యంలో తొందరపడినవాడికి ఏమీ కనపడదు. ఒక్కోసారి ఆ తొందర ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అందుచేత ఏ కార్యక్రమం ఎంచుకున్నా ముందు దాని వేగం చూడండి. వెంట వచ్చే జనం ఎందరో చూడండి. దారి చూపే మనిషి ఎవరో చూడండి. తక్కినవన్నీ ఆ తర్వాతే.

ఇది నల్లమల కాదు

మనకు అడవి అంటే నల్లమల. అది ఆకు రాల్చే అడవి. వేసవి వచ్చేసరికి చెట్లు మోడువారతాయి, చూపు దూరం పోతుంది, నీటిగుంటల దగ్గరికి జంతువులు వచ్చి తీరతాయి. ఆ లెక్క వేసుకుని పడమటి కనుమల వర్షారణ్యానికి వెళ్తే ఆశాభంగం తప్పదు. అక్కడ చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. ముప్ఫై నలభై మీటర్ల ఎత్తున కొమ్మలూ కొమ్మలూ కలిసి పైకప్పు వేసినట్టుంటుంది. పైన పడిన వెలుతురులో నూటికి ఒకటి రెండు వంతులే నేలకు దిగుతుంది. పూలూ పండ్లూ లేత ఆకులూ అన్నీ పైనే. కాబట్టి వాటిని తినే కోతులూ పక్షులూ ఉడుతలూ కూడా పైనే. మనం కింద నుంచుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ, "ఇంతేనా సార్?" అంటాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా జట్టు నలభై మంది. పాటలు, ఈలలు, ట్రాన్సిస్టరుకు తాతలాంటి స్పీకరు ఒకటి. మధ్యాహ్నం దాకా నడిచాం. కనిపించింది జలగలు మాత్రమే. చివరికి వెంట వచ్చిన గిరిజన గైడు విసుగెత్తి, మమ్మల్ని పదేసి మంది చొప్పున విడగొట్టి, ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, నోటి మీద వేలు వేసి చూపించాడు. పావుగంట గడిచింది. పైన కొమ్మ కదిలింది. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, చివర కుచ్చు ఉన్న తోక. సింహపుతోక కోతి! పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకని జంతువు. అడవుల్లో మిగిలినవన్నీ కలిపి నాలుగు వేలకు మించవని అంచనా. పొద్దుటి నుంచీ అవి మా నెత్తిన ఉండే ఉంటాయి. మా గోలకు దూరంగా తప్పుకున్నాయంతే.

చూడటానికి నాలుగు దారులు

ఒకటి, కాలినడక. వర్షారణ్యానికి ఇంతకంటే మంచి కార్యక్రమం లేదని నా గట్టి నమ్మకం. ఎనిమిది పది మంది, ఒక స్థానిక గైడు, తెల్లవారగానే బయల్దేరి రెండు మూడు గంటలు. ఎన్ని మైళ్ళు నడిచామన్నది లెక్కలోకి రాదు. ఎన్నిచోట్ల ఆగామన్నదే లెక్క. ముందు చెవితో వెతకండి. గ్రేట్ హార్న్‌బిల్ ఎగురుతుంటే రెక్కల చప్పుడు ఆవిరి ఇంజను ఊపిరి తీసినట్టు కింద దాకా వినిపిస్తుంది. ఈ పక్షి సంసారం వింతైనది. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, సన్నటి చీలిక ఒక్కటి మిగిల్చి, వాకిలి మూసేసుకుంటుంది. నెలల తరబడి మగపక్షే పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందించాలి. మనం ఫొటో కోసం గూటి కిందికి చేరితే మగపక్షి దగ్గరికి రావడానికి జంకుతుంది, లోపల తల్లీ పిల్లా పస్తులుంటాయి. అదీ మన తొందర ఖరీదు. కేరళలో వాళచాల్ అడవుల్లో కాడర్ గిరిజనులు ఈ గూళ్ళకు కాపలా కాస్తున్నారు. వాళ్ళు ఎంత దూరంలో నిలబడమంటే అంత దూరంలోనే నిలబడండి.

రెండు, నీటి మీద ప్రయాణం. తేక్కడిలో ఉన్న పెరియార్ సరస్సు సహజమైనది కాదు. 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టగా అడవి మునిగి ఏర్పడింది. ఇప్పటికీ నీళ్ళలో ఎండు మోడులు నిలబడి ఉంటాయి. గట్టుకు ఏనుగులు, అడవిదున్నలు, కణుతులు నీటికి వస్తాయి. అక్కడ పెద్ద బోట్లూ ఉన్నాయి, వెదురు తెప్పలూ ఉన్నాయి. తెప్ప మీద తక్కువమందే వెళ్తారు, ఇంజను మోత ఉండదు, కొంత దూరం నడక కూడా ఉంటుంది. రెంటిలో ఏదంటే నేను తెప్పనే ఎంచుకుంటాను. ఇంకో విశేషం, పెరియార్‌లో దారి చూపే వారిలో కొందరు ఒకప్పుడు అడవి దాల్చినచెక్క బెరడు దొంగతనంగా కొట్టినవారే. అటవీశాఖ వాళ్ళతో రాజీపడి, కేసుల బాధ తప్పించి, గైడ్లుగా కాపలాదారులుగా మార్చుకుంది. అడవి గుట్టుమట్లు వాళ్ళకు తెలిసినట్టు మన పుస్తకాలకు తెలియవు. మనం ఇచ్చే టిక్కెట్టు డబ్బు అలాంటి చేతుల్లోకి పోతుందా లేదా అని అడగటం తప్పు కాదు.

మూడు, మంచె. కొమ్మల పైకప్పును కింది నుంచి కాక పైనుంచి చూడాలంటే ఇదే దారి. సైలెంట్ వ్యాలీలో ముక్కాలి నుంచి జీపులో ఇరవై మూడు కిలోమీటర్లు పోతే సైరంధ్రి వస్తుంది. అక్కడి ఎత్తయిన మంచె ఎక్కితే అడవి మొత్తం పచ్చటి దుప్పటి పరిచినట్టు కనిపిస్తుంది.

నాలుగు, రాత్రి నడక. ఇది అనుమతి ఉన్నచోట, అనుభవం ఉన్న గైడు వెంట మాత్రమే. కర్ణాటకలోని ఆగుంబె లాంటి చోట వానాకాలపు రాత్రి కప్పల కచ్చేరీ వినితీరాలి. పడమటి కనుమల్లో నేల లోపల బతికే ఊదారంగు కప్ప ఒకటుంది. ఏడాదిలో తొలకరి వేళ కొద్దిరోజులే పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టిందే 2003లో. రాత్రి టార్చి కాంతిని జంతువు కళ్ళలో కొట్టకండి, కప్పను చేతిలోకి తీసుకోకండి. ఆగుంబె నాగరాజుల పేట కూడా, గుర్తుంచుకోండి.

సాహసం సంగతి

కుర్రవాళ్ళకు సాహసం వద్దని చెప్పేటంత ముసలివాణ్ణి కాలేదు. అయితే తాడు మీద జారటం, నురగల నదిలో రాఫ్టింగ్, ఇవి అడవిని చూసే కార్యక్రమాలు కావు. అడవి పక్కన ఆడే ఆటలు. రెండూ ఒకే పూట పెట్టుకుంటే రెంటికీ చెడతాం. ఒకరోజు అడవికి, ఒకరోజు ఆటకు ఇవ్వండి. రాఫ్టింగ్ అయితే నీళ్ళు ఎక్కడివో అడగండి. దాండేలి దగ్గర కాళీనదిలో వేగం పైన సూపా డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి ఉంటుంది. లైఫ్ జాకెట్, హెల్మెట్ ఒంటికి సరిపోకపోతే, డబ్బు పోయినా సరే, పడవ ఎక్కకండి. ఏనుగు సవారీ మాత్రం మానుకోమంటాను. వీపు మీద మనిషిని మోయటానికి ఏనుగును ఒప్పించేది గొలుసూ అంకుశమే. అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఏనుగును చూడటానికి వెళ్ళి గొలుసు వేసిన ఏనుగు ఎక్కి రావటంలో అర్థమేముంది?

రెండు విషాదాలు

ఇక్కడ కాస్త ఆగి రెండు తేదీలు చెప్పాలి. 2009 సెప్టెంబర్ 30న తేక్కడి సరస్సులో రెండంతస్తుల పర్యాటక బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. జంతువులు కనపడగానే జనం ఒక్క పక్కకు ఎగబడ్డారని అప్పట్లో చెప్పుకున్నారు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్ళినవారిని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా కాలిపోయారు. అందులో చాలామంది మన విద్యార్థుల్లా, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళలా ఉత్సాహంగా వెళ్ళినవారే. ఆ కొండవాలు వర్షారణ్యం కాదు, ఎండుగడ్డి. కానీ మన టూరు పటంలో రెండూ ఒకే చుక్కగా కనిపిస్తాయి. అదీ ప్రమాదం.

ఈ రెంటి నుంచి నేర్చుకోవలసింది భయం కాదు. బోటులో ఏనుగు కనిపించినా కూర్చున్నచోటు వదలకూడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో గడ్డి కొండల మీద నడక పెట్టుకోకూడదు. అటవీశాఖ అనుమతి కాగితం కళ్ళతో చూడనిదే ఏ దారీ తొక్కకూడదు. "పర్మిషన్ మేం చూసుకుంటాం" అన్న మాట చాలదు.

కాలమూ సరంజామా

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువు. జనవరి నుంచి హార్న్‌బిల్ గూడు కట్టే రోజులు కూడా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుంభవృష్టి. ఆగుంబెలో ఏటా ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అప్పుడు కప్పలకు వెళ్ళవచ్చు గాని జలపాతాల మీదా వాగుల్లోనూ దిగరాదు. పైన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ ఎండలోనే వాగు పొంగుతుంది. జలగలకు మోకాళ్ళ దాకా వచ్చే గుడ్డ మేజోళ్ళు ఉంటాయి, తీసుకోండి. జలగ పట్టుకుంటే పీకవద్దు, గోటితో అంచు పట్టి పక్కకు జరిపితే ఊడుతుంది. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకోండి. సెంటు, స్పీకరు ఇంట్లో పెట్టిరండి.

చివరిగా

సైలెంట్ వ్యాలీ మంచె దిగి కొంచెం నడిస్తే కుంతి నది కనపడుతుంది. ఆ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని ఒకప్పుడు తీర్మానం అయింది. కట్టి ఉంటే ఆ లోయలో అడవి మునిగిపోయేది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, అధ్యాపకులు, శాస్త్రజ్ఞులు, కవులు, కాలేజీ విద్యార్థులు ఊరూరా తిరిగి వాదించారు. చివరికి పథకం ఆగింది. 1984లో అది జాతీయ ఉద్యానవనం అయింది, 1985లో ప్రారంభోత్సవం జరిగింది. అంటే ఈనాడు మనం చూసే అడవి మనలాంటివాళ్ళు నిలబెట్టింది. 2012లో పడమటి కనుమలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

కాబట్టి ఈసారి యూనియన్ గదిలో తగవు మొదలైనప్పుడు "ఎక్కడికి" అన్నదానితో పాటు "ఎందరం, ఎవరి వెంట, ఎంత నెమ్మదిగా" అన్నది కూడా తేల్చండి. నలభై మంది ఒక్కసారిగా కాక నాలుగు జట్లుగా వెళ్ళండి. పులి కనపడకపోవచ్చు. కానీ చెట్టు కింద పావుగంట నోరు మూసుకుని కూర్చోగలిగితే, పైకొమ్మ కదిలి తీరుతుంది. మా పిల్లలకు ఆ రోజు కదిలింది. బస్సులో తిరిగి వస్తుంటే స్పీకరు ఎవరూ పెట్టలేదు.