ప్రష్యాలో ప్రజాస్వామ్యం: ఒట్టో బ్రౌన్ కథ

వైమర్ రిపబ్లిక్ అనగానే మనమంతా హిట్లర్ దగ్గరికి పరుగెడతాం. పరీక్షలో ప్రశ్న వచ్చేదీ అక్కడే. నేనూ అలాగే చదివాను. కానీ ఒక అనుమానం మిగిలిపోయింది. హిట్లర్ వచ్చేదాకా ఆ రిపబ్లిక్‌ను భుజాన మోసిందెవరు? వెదికితే ఒట్టో బ్రౌన్ కనిపించాడు.

ఆయన 1872లో కోనిగ్స్‌బర్గ్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. అచ్చుపని నేర్చుకున్నాడు. సోషల్ డెమోక్రాటిక్ పార్టీలో చేరి, తూర్పు ప్రష్యాలోని భూస్వాముల కింద పనిచేసే కూలీలను కూడగట్టాడు. 1918లో రాచరికం కూలాక ప్రష్యా వ్యవసాయ మంత్రి, 1920లో ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రష్యా అంటే మాటలా? జర్మనీ జనాభాలో సుమారు అయిదింట మూడు వంతులు అక్కడే!

కేంద్రంలో ప్రభుత్వాలు వస్తూ పోతూ ఉంటే, ఇక్కడ కాథలిక్ సెంటర్ పార్టీనీ, ఉదారవాదులనూ కలుపుకొని, మధ్యలో రెండు చిన్న విరామాలు తప్ప, 1932 వరకు బ్రౌన్ పాలన సాగించాడు. హోం మంత్రి సెవెరింగ్‌తో కలిసి, చక్రవర్తి కాలంనాటి అధికారుల స్థానంలో రిపబ్లిక్‌ను నమ్మినవారిని నియమించాడు. ప్రజాస్వామ్యం ఓటుతోనే అయిపోదు, ఆఫీసులోనూ పోలీసు స్టేషన్‌లోనూ ఉండాలని ఆయన పాలన చెబుతుంది.

1932 ఏప్రిల్ ఎన్నికల్లో కూటమి మెజారిటీ పోయింది. ఇంకెవరికీ మెజారిటీ లేదు గనుక బ్రౌన్‌ది ఆపద్ధర్మ ప్రభుత్వంగా మిగిలింది. జూలై 20న ఛాన్సలర్ పాపెన్, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఉత్తర్వుతో ఆ ప్రభుత్వాన్ని తొలగించి, తానే ప్రష్యా కమిషనర్ అయ్యాడు.

మరి ఎదిరించలేదేం? 1920లో కాప్ తిరుగుబాటును కార్మికుల సమ్మె ఓడించింది కదా! కానీ 1932లో 50 లక్షలకు పైగా నిరుద్యోగులు. సమ్మె చేసేదెవరు? సైన్యమేమో అవతలి పక్షాన ఉంది. ప్రష్యా ప్రభుత్వం కోర్టుకెక్కింది. అక్టోబరు 25న లైప్‌జిగ్ కోర్టు మంత్రులకు హోదా మిగిల్చింది, అధికారం మాత్రం కమిషనర్ చేతిలోనే ఉంచింది. 1933 మార్చిలో బ్రౌన్ స్విట్జర్లాండ్ పారిపోయాడు. 1955లో అక్కడే కన్నుమూశాడు.

ఆ రోజు పోరాడి ఉండాల్సిందని కొందరు, రక్తపాతం తప్ప ఫలితం ఉండేది కాదని కొందరు అంటారు. నాకు రెండూ సగం నిజాలే అనిపిస్తాయి. ఒక్కటి మాత్రం తేలిపోయింది. 1949 జర్మన్ రాజ్యాంగం ప్రకారం, ఒక రాష్ట్రాన్ని కేంద్రం బలవంతపెట్టాలంటే రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన బుందెస్‌రాట్ సమ్మతి ఉండాలి.

మిత్రులారా, ఈసారి వైమర్ పాఠం చదివేటప్పుడు 1933 దగ్గరే ఆగకండి. ఒక్క ఏడాది వెనక్కి, ఆ జూలై 20 దాకా వెళ్ళి చూడండి.