తవుడు నూనె, నిమ్మరసం, చిటికెడు ఆవపిండి

ఎండాకాలంలో సూర్యాపేట బస్టాండు దగ్గరో, కోదాడ దారిలోనో కీర దోసకాయ కొంటే బండివాళ్లు నిలువునా చీల్చి ఉప్పూకారం అద్ది ఇస్తారు. రెండు నిమిషాలకే ఆ ముక్కల నుంచి నీరు కారి మోచేతి దాకా వస్తుంది. సలాడ్ వెనకున్న మొదటి శాస్త్రపాఠం అదే.

కీరలో నూటికి 95 పాళ్లు నీరే. ఆ నీరు కణాల గోడల్ని లోపలి నుంచి బిగించి ఉంచుతుంది కనుకనే ముక్క కరకరలాడుతుంది. పైన ఉప్పు పడిందంటే నీరు కణపు పొర దాటి ఉప్పు ఉన్న వైపుకు వచ్చేస్తుంది. ఇది ద్రవాభిసరణం. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేదీ ఇందువల్లే. పచ్చడికి ఆ ఊటే ప్రాణం, సలాడ్‌ను మాత్రం అది మెత్తబరుస్తుంది. కాబట్టి ఉప్పును డ్రెస్సింగ్‌లోనే కలిపి, తినబోయే ముందు ముక్కల మీద పోయాలి.

డ్రెస్సింగ్ అంటే పులుపూ నూనే కలిసిన చిక్కని ద్రవం. దానికి కావలసినవి ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. నిమ్మకాయలకు నకిరేకల్ మార్కెట్ ఉంది. నూనె సంగతికొస్తే, సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లను ఆడించే మిర్యాలగూడ మిల్లుల్లో తవుడుకు కొదవ లేదు. తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. అయితే బియ్యం నుంచి విడివడిన వెంటనే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. పచ్చి బియ్యపు తవుడు త్వరగా ముక్క వాసన కొట్టేది అందుకే. వడ్లను ఉడికించి ఆడించే ఉప్పుడు బియ్యంలో ఆ వేడికి లైపేజ్ చాలావరకు నశిస్తుంది కాబట్టి ఆ తవుడు కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. శుద్ధి చేసిన తవుడు నూనెకు తనదైన ఘాటు తక్కువ. నిమ్మ వాసనను అది అణచదు.

ఇబ్బందల్లా నూనె, నిమ్మరసం కలవకపోవడమే. సీసాలో పోసి ఎంత గిలకొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. వాటిని కలిపి ఉంచే మధ్యవర్తి పోపుడబ్బాలోనే ఉంది. ఆవగింజ పొట్టులోని జిగురు పదార్థం నూనె బిందువుల చుట్టూ చేరి, అవి మళ్లీ ఒకటి కాకుండా ఆపుతుంది. ఇక్కడ వరుస ముఖ్యం. ఆవపిండి నీళ్లలో నానితేనే మైరోసినేస్ ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. ముందే నిమ్మరసం పడితే ఆ పని మందగిస్తుంది.

నలుగురికైతే అర టీస్పూను ఆవపిండిని ఒక చెంచా నీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, ఉప్పు కలపాలి. తర్వాత రెండు పెద్ద చెంచాల నూనెను చుక్కచుక్కగా వేస్తూ గిలకొట్టాలి. మనిషికి సుమారు 7 గ్రాముల నూనె అన్నమాట.

ఆ నూనె దండగ కాదు. 2004లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పాలకూర, క్యారెట్, టమాటాలతో సలాడ్ చేసి కొందరికి పెట్టారు. డ్రెస్సింగ్‌లో కొవ్వు లేనప్పుడు బీటా కెరోటిన్ వంటి కెరోటినాయిడ్లు రక్తంలోకి దాదాపు చేరనే లేదు. నూనె పెరిగినకొద్దీ చేరిక పెరిగింది. ఇవి కొవ్వులో కరిగే పదార్థాలు. విటమిన్ ఎ కోసం క్యారెట్ తురిమి, బరువు భయంతో నూనె మానేస్తే ఆ శ్రమ చాలావరకు వృథా. పచ్చివన్నీ వండినవాటికన్నా మేలనే నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. విటమిన్ సి వేడికి తగ్గుతుంది కానీ, ఉడికిన క్యారెట్ నుంచి కెరోటిన్ ఇంకా తేలిగ్గా విడుదలవుతుంది.

పచ్చిగా తినేవి కాబట్టి కూరగాయలను కోయకముందే ధారగా పడే మంచినీటిలో కడగండి. కీరను ముందుగా ఒక ముక్క రుచి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ల వల్ల వచ్చింది, కడిగినా ఉడికించినా పోదు.