మర చెడితే కొలత తప్పుతుంది

పెట్రోలు కారు పొగగొట్టంలో బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్ గురించి చెప్పేవాళ్లు దాని కొనలోని పింగాణీ గురించే చెబుతారు. శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 19వ శతాబ్దం చివర్లో పరిశీలించిన జిర్కోనియా అది. బాగా వేడెక్కితే ఆక్సిజన్ అయాన్లను తనగుండా పోనిస్తుంది. ఒక పక్క ఇంజన్ పొగ, మరో పక్క బయటి గాలి ఉంటే, రెంటిలోని ఆక్సిజన్ తేడా వోల్టేజిగా తేలుతుంది: పొగలో ఆక్సిజన్ మిగలకపోతే సుమారు 0.9 వోల్టు, ఎక్కువగా మిగిలితే 0.1. బాష్ కంపెనీ దీన్ని సెన్సర్‌గా మలిచింది. 1976లో వోల్వో కార్లలో అది రోడ్డెక్కింది. 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అన్న లెక్క తప్పకుండా ఇంజన్ కంప్యూటర్ చూసుకునేది దీని మాట విని. ఆ లెక్క కుదిరితేనే కాటలిటిక్ కన్వర్టర్ మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుద్ధి చేయగలదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక మన మోటారు సైకిళ్లకూ ఈ సెన్సర్ దాదాపు తప్పనిసరైంది.

ఇంత సూక్ష్మమైన పరికరాన్ని పట్టి ఉంచేది గొట్టానికి వెల్డింగ్ చేసిన ఒక ఉక్కు బుష్. కార్లలో ఎక్కువగా 18 మిల్లీమీటర్ల వ్యాసం, మరకూ మరకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు. ఆ మరలు కూడా కొలతలో భాగమేనని నా వాదన. పొగ బయటికి పోకుండా ఆపేది వాషరు కదా, మరలతో పనేముందని అడగవచ్చు. నిజమే, కానీ వాషరును నొక్కి ఉంచేది మరల బిగువే. అది సడలితే పొగ బయటికి రావడం చిన్న నష్టం; లోపలికి గాలి చొరబడటం పెద్ద నష్టం. పొగ విడతలు విడతలుగా వస్తుంది, రెండు విడతల నడుమ గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి దూరుతుంది. సెన్సర్ దాన్ని చూసి ఆక్సిజన్ మిగిలిపోతోందని చెబుతుంది, కంప్యూటర్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. ఒకే తీగ ఉన్న పాత సెన్సర్లలోనైతే సర్క్యూట్ పూర్తయ్యేదే మరల గుండా. తుప్పు పడితే వోల్టేజి లెక్కే మారిపోతుంది.

ఈ తుప్పు ఎలా పడుతుందో చూడటానికి ఛత్తీస్‌గఢ్‌లోని గీదం ఊరు చాలు: అది జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, దంతెవాడ రోడ్డు చీలే చోట ఉంది. ఆ బస్తర్ ప్రాంతంలో వానలు ఎక్కువ. ఎర్రగా కాలిన గొట్టం మీద బురద నీళ్లు పడి, ఆరి, మళ్లీ పడితే బుష్, సెన్సర్ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. అప్పుడు పానా పెట్టి బలంగా తిప్పితే ఉక్కు ఉక్కును చీరుకుంటూ వస్తుంది. తుప్పు వదిలే నూనె పోసి కొంతసేపు ఆగి, గొట్టం గోరువెచ్చగా ఉండగా కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ తిప్పితే మరలు చాలావరకు దక్కుతాయి. చెడినా అన్నీ ఒకేసారి చెడవు. కొద్దిగా నలిగితే మరలు కోసే అదే కొలత ట్యాప్‌ను గ్రీజు రాసి నిదానంగా దింపితే సరిపోతుంది. రజను గ్రీజుకు అంటుకుంటుంది, కన్వర్టర్‌లోకి రాలదు. మరలు పూర్తిగా పోతే పాత బుష్ కోసేసి కొత్తది సందు లేకుండా వెల్డింగ్ చేయడమే నమ్మకమైన మార్గం. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ, సెన్సర్ తప్పక తీసేయాలి.

ఇంత శ్రమెందుకు, రంధ్రంలో బోల్టు బిగించినా బండి నడుస్తుందిగా అని కొందరంటారు. నడుస్తుంది. కానీ కొలత లేని కంప్యూటర్ అంచనా మీద పెట్రోలు పోస్తుంది, కాలని ఇంధనం కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించవచ్చు. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉన్న ఆ భాగం ఖరీదు ముందు బుష్ ఖరీదు ఎంత? గొట్టమంతా మార్చేయడం సులువన్న సలహాకూ ఇదే జవాబు: చాలా బళ్లలో కన్వర్టర్ ఆ గొట్టంతోనే కలిసి ఉంటుంది. కాబట్టి మార్చాలన్న మాటకు ఒప్పుకునే ముందు, ట్యాప్ వేసి చూశారా అని మీ మెకానిక్‌ను అడగండి. కొత్త సెన్సర్ మరలకు పట్టేయకుండా ఉంచే పేస్ట్ ముందే లేకపోతే రాయమనండి, కొనకు మాత్రం తగలనివ్వొద్దని చెప్పండి.