వేటకు సెలవు, బడికి సెలవు

రేపల్లెకు దిగువ నిజాంపట్నం రేవున, బాపట్ల చెంత సూర్యలంక తీరమున, ఏటేటా ఏప్రిల్ 15 నాటికి మరపడవలు ఒడ్డు చేరును. జూన్ 14 వరకు, అనగా 61 దినములు, వానికి సముద్రవేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున సంతతిని కాపాడుటకై ఏర్పడిన నియమమిది. బెస్తవారి రేపటి మేలునకే ఉద్దేశింపబడినది. తెనాలి మాగాణిలోను కాలువలు కట్టివేయు రోజులివే. నాట్లు పడువరకు కూలిపని పలుచబడును. సరిగా ఆ వేళకే బడులకు వేసవి సెలవు లిత్తురు. బడితోపాటు మధ్యాహ్న భోజనమును ఆగిపోవును. తండ్రి వలయు, బిడ్డ పళ్ళెమును ఒక్కమారే ఖాళీ యగుచున్నవి.

ఈ పళ్ళెము సులభముగా వచ్చినది కాదు. గోఖలే ప్రతిపాదించిన నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లు 1912లో 13 ఓట్లకు 38 ఓట్లతో వీగిపోయినది. బిడ్డను బడికి పంపని తండ్రికి అందు జరిమానా కలదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టమందు ‘నిర్బంధము’ అను మాటకు అర్థమే మారినది; అది ప్రభుత్వముపై మోపబడిన బాధ్యత. అంతకు ముందే, 2001 నవంబరు 28న, ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. 2003 జనవరి నుండి ఆంధ్రదేశపు బడులలో పొయ్యి వెలిగినది.

వేట నిషేధకాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వము 2025లో 10,000 నుండి 20,000 రూపాయలకు పెంచినది. మేలే! కాని 61 దినములకు పంచిచూచిన కుటుంబమునకు దినమునకు 328 రూపాయలు మించవు. అదియు పడవపై వేటకు పోవువారి కొరకే; రేవున మంచు మోయు కూలికి, పొలము కూలికి అది చెందదు. అదే యేట వచ్చిన ‘తల్లికి వందనం’ ఇంటిలో చదువుకొను ప్రతి బిడ్డకును వర్తించుట హర్షణీయము. అయితే ఆ సొమ్ము చేతికందినది జూన్‌లో, బడులు తెరచువేళ.

మరి నడుమనున్న దినముల మాట యేమి? త్రోవ లేకపోలేదు. కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును భోజనము పెట్టవలెనని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టే ఆదేశించినది. కరవనగా వాన కురియకుండుట మాత్రమేనా? ప్రజల మేలునకై శాసనమే సముద్రమును మూసినపుడు, ఆ తీరపు బిడ్డలకు బడి వంటశాలను తెరచి యుంచుట ఆ శాసనమునకే ధర్మము. వంటపాత్రలున్నవి, వండు చేతులున్నవి. కావలసినది ఒక్క ఉత్తరువు.

ఆ ఉత్తరువును కోరదగినవారిలో ఉపాధ్యాయులు ముందువారు. జూన్‌లో హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచునపుడు, చిక్కిపోయి వచ్చిన ముఖములను మొదట చూచువారు వారే కదా!