కొత్త యంత్రము – పాత వ్రాతలు

కొత్త యింట అడుగిడునపుడు పాలు పొంగించుట తెలుగువారి ఆచారము. పాత యింటి సామానుల మూటలు విప్పుట ఆ తరువాతి మాట. ఏ మూటలో ఏమున్నదో ముందుగా గుర్తు వ్రాసియుంచుకొన్న ఇల్లాలు మొదటి పూటకే వంట ముగించును. అట్లు వ్రాసికొననియామె ఉప్పు డబ్బా కొరకు ఆరు మూటలు విప్పును. ఇంటికి కొత్త కంప్యూటరు వచ్చినపుడు జరుగునదియు ఇంచుమించు ఇదియే. భేదమొక్కటి కలదు. ఇంటి సామాను పోయినచో అంగడిలో మరల కొనవచ్చును. కంప్యూటరులోని వ్రాత పోయినచో దానిని అమ్ము అంగడి ఎచ్చటను లేదు.

ఈ ఇల్లు మారుట ఇటీవల పెక్కు కుటుంబములకు తప్పనిసరియైనది. విండోస్ 10కు దాని నిర్మాతలు ఇచ్చుచుండిన సాధారణ సేవలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. తరువాతి విండోస్ 11ను మోయుటకు పాత యంత్రములనేకము చాలవు. కావున కొత్తవి కొనుచున్నారు. అంగడివాడు వచ్చి, తీగెలు తగిలించి, తెర వెలిగించి చూపి, కాఫీ త్రాగి పోవును. యంత్రమును అమర్చుట అంతటితో ముగిసినదని ఇంటివారు తలంతురు. నిజమునకు అసలు పని అప్పుడే మొదలగుచున్నది.

కడపలో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులొకరు ఇట్టి యంత్రమును కొన్నారని పాఠకులు ఊహింతురు గాక. వారి తండ్రిగారు తమ యూరి కథలను, కరవులను, చెరువు కట్టల చరిత్రను, ఇంటింటి వంశక్రమమును నోటుపుస్తకములందు వ్రాసియుంచిరి. ఇరువదేండ్ల క్రిందట పండితులు వానినన్నింటిని ఒక డి.టి.పి. కేంద్రమునందు కూర్పించి, సి.డి.లోనికి ఎక్కించి తెచ్చుకొనిరి. ఇక భయము లేదనుకొనిరి. నోటుపుస్తకములను తరువాత చెదలు తినివేసినవి. ఇప్పుడు కొత్త యంత్రమునకు సి.డి. పెట్టు అరయే లేదు. కుమారుడు వేరొక పరికరమును తెచ్చి తగిలించి ఫైలును తెరచినాడు. తెరమీద తెలుగు లేదు. ఆంగ్లాక్షరములు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు, అర్థము లేని గీతలు వరుసగా నిలిచియున్నవి.

“ఇది పాడైపోయింది నాయనా. తీసేద్దామా?” అని కుమారుడడిగినాడు.

ఆ ప్రశ్నకు “సరే” యను జవాబు ఎన్ని యిండ్లలో వచ్చియుండునో! మీట నొక్కుట క్షణము పని. ఒక యూరి నూరేండ్ల జ్ఞాపకము ఆ క్షణములో పోవును.

అది పాడైన వ్రాత కాదు. కంప్యూటరుకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ సంఖ్య ఏ అక్షరమునకు గుర్తో మనుష్యులు ముందుగా ఒప్పందము చేసికొనవలెను. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణము 128 స్థానములలో ఆంగ్లాక్షరములను, అంకెలను, విరామ చిహ్నములను కూర్చినది. అందు తెలుగునకు చోటు లేదు. కనుక మన అచ్చు కేంద్రములవారు ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుగు గుణింతములను, ఒత్తులను చిత్రించిన ఫాంటులను వాడుకొనిరి. యంత్రము లోపల ఉన్నది ఆంగ్లాక్షరపు సంఖ్య. పైన కనబడునది తెలుగు వేషము. ఆ ఫాంటు ఉన్నంతవరకు వేషము నిలుచును. ఫాంటు లేని యంత్రములో వేషము జారిపోవును. ఫాంటులు చేసినవారు తలకొక వరుసను అనుసరించుటచే ఒకరి ఫాంటుతో వ్రాసినది మరియొకరి ఫాంటులో చదువరాదు.

ఈ చిక్కును తీర్చినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. అందు తెలుగు లిపి కొరకు 128 స్థానములు ప్రత్యేకించిరి. ‘క’ యనునది ఏ దేశమున, ఏ యంత్రమున, ఏ ఫాంటులో చూచినను ‘క’యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తనతోపాటు గౌతమి యను తెలుగు ఫాంటును తెచ్చినది. అయినను అచ్చు కేంద్రములు తమకు అలవడిన పాత ఫాంటులనే చాల కాలము వాడినవి. కావుననే ఆ కాలపు పెండ్లిపత్రికలు, స్మారక సంచికలు, ఇంటి చరిత్రలు నేడు ఇట్లు వేషము జారిన స్థితిలో చేతికందుచున్నవి.

దీనికి మందు కలదు. మొదట ఆ ఫైలును తాకక, ఉన్నదున్నట్లు కొత్త యంత్రములో ఒక ప్రక్క భద్రపరచవలెను. ఏ ఫాంటుతో కూర్చిరో తెలిసికొని, అది దొరికినచో యంత్రములో చేర్చినంతనే తెలుగు మరల కనబడును. పిమ్మట ఆ పాఠమును యూనికోడ్‌లోనికి మార్చు సాధనములను ఉపయోగింపవచ్చును. పేరుగల పాత ఫాంటులకు అట్టివి కలవు. కాని మార్చిన పాఠమును కన్నుమూసికొని నమ్మరాదు. ఒత్తులు స్థానము తప్పును, సున్న ఒకచో మాయమగును, వట్రసుడి మరియొక రూపము ధరించును. మనిషి కూర్చుండి పంక్తి వెంట పంక్తి సరిచూడవలసినదే.

కడప వాసులకు ఈ పని పరాయిది కాదు. 1820లో ఆ యూరికి ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అచ్చటి తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి చేయించినది ఈ పనియే. తాటాకు పురుగుల పాలగును, విరుగును, వ్రాయసకాని చేతిలో ఒక అక్షరము మరియొకటిగును. ఆయన ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతిని కాగితముపై వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. తెలుగు గ్రంథములు మనదాక వచ్చుటకు తాటాకు గట్టితనము కారణము కాదు. తరమునకొకరు కూర్చుండి తిరుగవ్రాయుటయే కారణము. ఎత్తి వ్రాయనివి నశించినవి.

కంప్యూటరు విషయమునను ఈ ధర్మము మారలేదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అది టన్నుకు పైబడిన బరువు. పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు గోరంత చిప్పలో అంతకు వేలరెట్లు పట్టుచున్నవి. కాని ఎక్కువ పట్టుట వేరు, ఎక్కువ కాలము నిలుచుట వేరు. తిరుగు పళ్లెములుగల డిస్కులు అరిగిపోవును. పళ్లెములు లేని కొత్త డిస్కులు విద్యుత్తు లేక బీరువాలో చాల కాలము పడియున్నచో లోపలి వ్రాతను మరచిపోవచ్చును. పెన్‌డ్రైవు జేబులోనుండి జారిపోవును. అందుచే తెలిసినవారు చెప్పు సూత్రము ఇది: ప్రతులు మూడు, సాధనములు రెండు రకములు, ఒక ప్రతి వేరొక చోట. ఇంట రెండు, పొరుగూరి కూతురింటనో, అమెరికాలోని కుమారుని వద్దనో ఒకటి యుండిన చాలును. ఇంటర్నెట్టులో తనంత తాను సరిచేసికొను ఫోల్డరును మాత్రమే నమ్ముకొనరాదు. ఇచ్చట తెలియక తీసివేసినది అచ్చటను తొలగిపోవును. కొన్నాళ్లు గడచిన తరువాత తిరిగి తెచ్చుకొను వీలుండదు.

ఇక ఇంటిలోని సర్దుబాటు. తెరను బల్లగాను, అందు కాగితములను, వానినుంచు ఫోల్డరులను బొమ్మలుగాను చూపు పద్ధతి 1981లో జిరాక్స్ వారి స్టార్ యంత్రముతో అంగడికి వచ్చినది. బల్లయన్నారు గదాయని సమస్తమును దానిమీదనే పరచుట మన అలవాటైనది. ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అను ఫైళ్లలో ఏది చివరిదో వ్రాసినవానికే తెలియదు. ఇల్లు, ఆరోగ్యము, పన్నులు, ఫోటోలు, వ్రాతలు అని నాలుగైదు ఫోల్డరులు చాలును. ఫైలు పేరున ముందు సంవత్సరము, పిదప నెల, తరువాత దినము వేసినచో, ఉదాహరణకు 2026-01-14 అని వ్రాసినచో, అవి తమంత తాము కాలక్రమమున నిలుచును. తేదీలో వాలుగీతను విండోస్ ఫైలు పేరులో ఒప్పుకొనదు. అడ్డుగీతయే మేలు. ఆపైన వేరొకరు చదివినను తెలియునట్టి పేరుండవలెను.

మరచిపోరాని మాట ఇంకొకటి. కొత్త యంత్రములు పెక్కు తమ డిస్కును తామే తాళము వేసికొనుచున్నవి. యంత్రము మొరాయించిన దినమున విండోస్ 48 అంకెల తాళపుచెవిని అడుగును. అది లేనిచో లోపలి సర్వమును యజమానునికే అందదు. మొదటి దినముననే దానిని కాగితముపై వ్రాసి, ఇంటి పత్రములతోపాటు బీరువాలో నుంచి, ఇంటి ఇల్లాలికి చెప్పియుంచవలెను. ఇంటిలో ఒక్కరికే తెలిసిన రహస్యము ఆ ఒక్కరితోనే పోవును.

కడప పండితుల యింట ఫైలు తీసివేయబడలేదు. కుమారుడు పాత ఫాంటును సంపాదించి చేర్చినాడు. తెరమీద మొదటి పంక్తి కనబడినది: ఊరి పేరు, చెరువు పేరు, దానిని కట్టించినవాని పేరు. ఇప్పుడు రోజూ సాయంకాలము తండ్రి పాత పాఠమును పైకి చదువును. కుమారుడు మార్చిన పాఠములో ఒత్తులు సరిచూచును. తాతగారి వాడుకలో కొన్ని మాటలు కుమారునికి తెలియవు. ఆగి అడుగును. తండ్రి చెప్పును. ఆ మాటలకు అర్థములు వ్రాయుటకు వ్రాతల ఫోల్డరులో ఒక ఫైలు తెరువబడినది. దినమునకు నాలుగు పుటలకు మించి సాగుటలేదు. పూర్తియైన పిమ్మట మూడు ప్రతులు తీసి, ఒకటి కాగితముపై అచ్చు వేయించి, ఊరి బడికి ఇచ్చుట వారి సంకల్పము.